లెక్కకు రాని యాటలు

అమెరికా దేశపు ఈశాన్యభాగమున బోస్టను అను పట్టణము కలదు. అచ్చట ఫిబ్రవరి మాసమనగా గడ్డు చలికాలము. వీథుల ప్రక్కల మంచు కుప్పలుగా పేరుకొనియుండును. అట్టి చలిలో, ఆ మాసారంభమున ఒకనాడు, జనులు పిల్లలను చంకనెత్తుకొని ఫెన్వే పార్కు అను ఆటస్థలము వెలుపల గుమిగూడి నిలుచుందురు. వారు చూడవచ్చినది దేశనాయకుని గాదు, సినిమాతారను గాదు, ఒక లారీని. ఆ లారీలో 20,000లకు పైబడిన బంతులు, 1,000కి పైబడిన బ్యాట్లు, ఆటగాండ్ర యుడుపులు మొదలగునవి నింపి, దాదాపు 1,500 మైళ్ల దూరముననున్న ఫ్లారిడా రాష్ట్రమునకు పంపుదురు. లారీ కదలగానే జనులు చేతులూపి కేకలు వేయుదురు. అత్తవారింటికి పోవు పిల్లను సాగనంపినట్లు దానిని వీథిమలుపు దాక కన్నులతో సాగనంపి ఇండ్లకు మరలుదురు. లారీ పోయినదనగా చలి వెనుకబట్టినదని వారి లెక్క.

ఆ లారీ పోవునది బేసుబాలు ఆటగాండ్ర వసంతసాధనకు. అసలు పోటీలు ప్రారంభము గాకమునుపు అచ్చట కొన్ని వారములపాటు జట్లు ఒండొంటితో ఆడుకొనును. ఆ యాటలలో గెలిచినవారికి బహుమానము లేదు. ఓడినవారికి నష్టము లేదు. గెలుపోటములు ఆ సంవత్సరపు పట్టికలోనికి ఎక్కవు. ఒక ఆటగాడు అచ్చట ఎన్ని పరుగులు చేసినను అతని పేరిట జమ కావు. ఐనను వేలకొలది జనులు టిక్కెట్లు కొని, సెలవులు పెట్టుకొని, దూరదేశములనుండి సైతము వచ్చి ఆ యాటలు చూచుచున్నారు.

"లెక్కకు రాని యాటకు టిక్కెట్టేల?" అని మన పెద్దలు నవ్వవచ్చును. మేమును మొదట అట్లు నవ్వినవారమే. కాని నేడు తెలుగునాట అనేక గృహములనుండి బిడ్డలు అమెరికాకు పోయి స్థిరపడియున్నారు. కూతురి పురిటికనియో, మనుమల పెంపకమునకనియో తల్లులు అచ్చటికి పోయి నెలల తరబడి యుండుచున్నారు. ఆదివారమునాడు అల్లుడో, కొడుకో వారిని గూడ ఆటస్థలమునకు తీసికొనిపోవుట గలదు. అట్లు పోయిన తల్లి ఏమియు తెలియక రెండున్నర గంటలసేపు ఆవులించుచు కూర్చుండనవసరము లేదు. ఆ జనులు ఆ యాటలను ఎట్లు చూచుచున్నారో, ఏమి చూచుచున్నారో మేము తెలిసికొన్నంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా ఆట సంగతి రెండు మాటలలో చెప్పెదము. బేసుబాలు మన పిల్లలాడు క్రికెట్టునకు దాయాదివంటిది. జట్టునకు తొమ్మిదిమంది. మైదానములో నాలుగు మూలలు గల చదరమొకటి యుండును. దాని యొక్కొక్క ప్రక్క 90 అడుగులు. మూలమూలకు ఒక బేసు. మొదటి మూలకు వారు "ఇల్లు" అని పేరు పెట్టుకొన్నారు. పిచ్చరనువాడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి, బంతి నేలను తాకకుండ, ఆ యింటిమీదుగా విసరును. బ్యాటు పట్టినవాడు దానిని కొట్టి, మూడు మూలలను చుట్టి, మరల ఇల్లు చేరినచో ఒక పరుగు. మూడు మంచి బంతులను తప్పినవాడు అవుటు. ముగ్గురు అవుటైనచో ఎదుటి జట్టువారి వంతు. ఇట్లు ఒక్కొక్క జట్టునకు తొమ్మిది వంతులు. పెద్ద లీగులలో 30 జట్లు కలవు. మార్చి చివరనుండి సెప్టెంబరు చివరవరకు ఒక్కొక్క జట్టు 162 ఆటలాడును. అనగా దాదాపు ప్రతిదినము ఆటయే.

ఇంత దీర్ఘమైన పనికి దిగుటకు ముందు కాలుసేతులు సాగదీసికొనవలయును గదా! ఉత్తరపు పట్టణములు మంచుతో నిండియుండుటచే, ఫిబ్రవరి నడుమనుండి 15 జట్లు ఫ్లారిడాకును, 15 జట్లు అరిజోనాకును చేరును. ఆ మాసపు మూడవ నాలుగవ వారములనుండి మార్చి నాలుగవ వారము దాక ఈ లెక్కకు రాని యాటలు జరుగును. అరిజోనా ఎడారి దేశము. ఎటు చూచినను జెముడుజాతి చెట్లు. కావున అచ్చటి యాటలకు కాక్టసు లీగని పేరు. 1947లో న్యూయార్కు జయింట్సు జట్టు ఫీనిక్సు నగరమునకును, క్లీవ్లండు జట్టు టూసాను నగరమునకును సాధనకై వచ్చుటతో ఆ లీగు మొదలైనది.

ఫ్లారిడా యాటలకు గ్రేప్‌ఫ్రూట్ లీగని పేరు. గ్రేప్‌ఫ్రూటనునది మన పంపరపనసకు చుట్టమగు పులుపుపండు. ఈ పేరు వెనుక ఒక స్త్రీ కథ కలదు. 1915లో ఫ్లారిడాలోని డేటోనా బీచి అను సముద్రతీరపు ఊరికి బ్రూక్లిను జట్టు సాధనకై వచ్చెను. ఆ యూరిలోనే రూత్ లా అను నామె విమానము నడుపుచుండెను. విమానములు పుట్టి పండ్రెండేండ్లయినను కాని కాలమది. విమానమునుండి విడిచిన బంతిని పట్టగలవా రెవ్వరని పందెము పుట్టగా, జట్టు నాయకుడు విల్బర్టు రాబిన్సను ముందునకు వచ్చెను. రూత్ లా ఆకసమున కెగిరెను గాని బంతిని తీసికొనిపోవుట మఱచెనట! చేతికందిన గ్రేప్‌ఫ్రూటును విడిచిరి. అది రాబిన్సను రొమ్మున పగిలి, వెచ్చని రసము మీద చిందగా, పాపమాయన నెత్తురే వచ్చినదనుకొని కేకలు వేసెనట! ఆ లీగు పేరునకు ఈ కథయే మూలమని పలువురు చెప్పుకొందురు.

అరిజోనాలో ఒక సౌకర్యము కలదు. 15 జట్ల ఆటస్థలములు పదియు ఫీనిక్సు నగరము చుట్టునే యున్నవి. కావున ఉత్సాహవంతులు మధ్యాహ్నము ఒక చోటను, సాయంకాలము మఱియొక చోటను రెండాటలు చూడగలరు. ఒక్కొక్కప్పుడు ఒకే జట్టు ఒకే దినమున రెండు చోట్ల ఆడవలసివచ్చును. అప్పుడు జట్టును రెండుగా పంచుదురు. ఒకే ముహూర్తమునకు రెండు పెండ్లిండ్లు వచ్చినపుడు మన యింటివారు సగము ఇటు, సగము అటు పోవుట లేదా? ఇదియు నట్టిదే.

మేము ఒక మార్చి మాసమున ఫీనిక్సు ప్రాంతమునకు పోయినపుడు మా బంధువులు మమ్ములను ఉదయముననే తీసికొనిపోయిరి. ఆట మధ్యాహ్నము ఒంటిగంటకు గదా, తొమ్మిదింటికే ఏల యని అడిగితిమి. అసలు చూడవలసినది అప్పుడే యనిరి. పెద్ద మైదానము వెనుక సాధనకై చిన్న మైదానములు కలవు. జనులు కంచెకు చేరబడి చూచుచుండిరి. గురువు బంతిని నేలబారుగా కొట్టుచుండెను. ఆటగాండ్రు వరుసగా వంగి, అందుకొని, విసరుచుండిరి. పిచ్చర్లు బంతి విసరినట్లు నటించి, మొదటి మూలకు పరుగెత్తి, బంతినందుకొని, వెనుకకు వచ్చి, మరల వరుస చివర నిలుచుచుండిరి. ఇదే పని ఇరువదిసార్లు, ముప్పదిసార్లు. ఏటికి కోట్లకొలది ధనమార్జించువాడును, నిన్న గాక మొన్న బడి విడిచినవాడును ఒకే వరుసలో నుండిరి. సంగీతములో ఎంత విద్వాంసుడైనను తెల్లవారుజామున సరళీవరుసలు సాధన చేయుట మనము వినియున్నాము. ఆ సాధనను కన్నులార చూచుటకే ఆ జనులు వచ్చిరి.

మఱియొక కారణమును గలదు. వేసవిలో ఈ ఆటగాండ్రు 40,000 మంది కూర్చుండు మహాక్రీడాస్థలములలో ఆడుదురు. అచ్చట సామాన్యులకు వారు చీమలవలె కనబడుదురు. ఈ వసంతపు మైదానములు పదివేలమందికి అటునిటుగా పట్టును. ముందు వరుసలలో కూర్చున్నవారికి ఆటగాండ్ర మాటలు, నవ్వులు, విసుగులు సైతము వినబడును. ఆటకు ముందు పిల్లలు గోడవెంబడి బారులు తీరి, ఒక చేత బంతి, మఱియొక చేత కలము పట్టుకొని సంతకములకై వేచియుందురు. తల్లులు వెనుక నిలిచి, "అయ్యా యని పిలువుము, దయచేసి యని అడుగుము, పిదప వందనమనుట మఱువకుము" అని నేర్పుచుందురు. పిల్లవానికి సంతకముతోబాటు మర్యాదయు దొరకుచున్నది.

మైదానమునకు చివర పచ్చికబయలు ఏటవాలుగా నుండును. అచ్చట కుర్చీలు లేవు. టిక్కెట్టు వెల తక్కువ. సంసారులు దుప్పట్లు పఱచుకొని కూర్చుందురు. చిన్నపిల్లలు ఆటను విడిచి, ఆ వాలుమీద పైనుండి క్రిందికి దొరలుచు తమ యాట తామాడుకొందురు. పెద్దలు వేయించిన వేరుసెనగకాయలు ఒలిచి తినుచుందురు. ఏడవ వంతు నడుమ అందరును లేచి, ఒడలు విరుచుకొని, ఒక పాట పాడుదురు. 1908లో జాక్ నార్వర్తు వ్రాసిన ఆ పాటయందలి నాయిక కేటీ కేసీ అను నొక యువతి. తనను నాటకమునకు పిలిచిన చినవానితో, అది వలదు, బంతియాటకే తీసికొనిపొమ్మని ఆమె అడుగును. పాట మొదటి భాగము మఱుగుపడి, నేడు జనులు పల్లవినే పాడుచుండుటచే, తాము పాడునది ఒక స్త్రీ మాటయని చాలమంది ఎఱుగరు.

ఆ పచ్చికమీద మా ప్రక్కన ఒక ముసలమ్మగారు మనుమరాలితో కూర్చుండిరి. ఆమె ఒడిలో గళ్లు గీసిన పుస్తకమొకటి, చేత పెన్సిలు. ప్రతిబంతికిని ఏదియో గుర్తు వ్రాసికొనుచుండిరి. మేము కుతూహలముతో అడుగగా ఓపికతో చెప్పిరి. మైదానములోని తొమ్మిది స్థానములకు ఒకటి మొదలు తొమ్మిదివరకు అంకెలు కలవు: పిచ్చరు 1, అతని బంతినందుకొనువాడు 2, మొదటి మూలను కాచువాడు 3, ఇట్లు. 6–3 అని వ్రాసినచో, ఆరవవాడు బంతిని పట్టి మూడవవానికి విసరగా బ్యాటుదారు అవుటైనాడని యర్థము. మూడు బంతులను తప్పి అవుటైనవానికి కే అను ఆంగ్లాక్షరము. ఇట్లు ఆటను లిఖించు పద్ధతిని తీర్చిదిద్దినవాడు ఇంగ్లండులో 1824లో పుట్టి, అమెరికాలో పత్రికారచయిత యైన హెన్రీ చాడ్విక్. ఈ పుస్తకము చేతనున్నచో ఎన్నియేండ్లకైనను ఆనాటి యాటను మరల మొదటినుండి చదువుకొనవచ్చును. మన గృహిణులు వ్రాయు పద్దుపుస్తకమువలె, తెలిసినవారికి అందు ఇల్లంతయు కనబడును.

ఐదవ వంతు ముగియగానే మైదానములో పెద్ద మాఱుపు వచ్చెను. పేరుమోసిన ఆటగాండ్రందరును సంచులు భుజమున వేసికొని వెడలిపోయిరి. వారిని చూడవచ్చిన జనులలో కొందరును లేచిరి. క్రొత్తవారు వచ్చిరి. వారి చొక్కాలమీద 70, 80, 90 వంటి పెద్ద అంకెలు. కొందరి వీపుమీద పేరే లేదు. ముసలమ్మగారి పుస్తకములో గళ్లు చాలక అంచులలో వ్రాయవలసివచ్చెను. చాలమంది ప్రేక్షకులు ఈ సమయమున విసుగుకొందురట. ఆమె మాత్రము కండ్లజోడు తుడుచుకొని సర్దుకొని కూర్చుండిరి. "ఇంతసేపు మాకు తెలిసినవారిని చూచితిమి. ఇక తెలియనివారిని చూడవలెను" అనిరి.

ఇచ్చటనే చూచుటలోని నేర్పు కలదు. ఈ యాటలలో పరుగుల లెక్క మోసపుచ్చును. అనుభవశాలియగు పిచ్చరొకడు వరుసగా దెబ్బలు తినుచున్నచో అతడు చెడిపోయినాడని తలచరాదు. తాను క్రొత్తగా నేర్చిన బంతి యొకటి పనికివచ్చునో లేదో చూచుకొనుటకై దానినే మరల మరల విసరుచుండవచ్చును. అట్లే ఎనిమిదవ వంతులో కుఱ్ఱవాడొకడు బంతిని కంచె దాటించినచో, ఆ బంతిని విసరినది ఎవరని విచారింపవలయును. తొమ్మిది వంతులు ముగిసి పరుగులు సమమైనచో, వేసవిలోవలె తేలువరకు ఆడరు; చేతులు కలుపుకొని ఇండ్లకు పోవుదురు. కావున ఎఱిగినవారు గెలుపును చూడరు. కుఱ్ఱవాని కాలు కదలిక, తప్పు చేసిన పిదప అతని ముఖము, తోడివాడు తప్పు చేసినపుడు అతడు పలుకరించు తీరు — వీనిని చూతురు.

ప్రేక్షకులకు లెక్కకు రానిది ఆ కుఱ్ఱవానికి సర్వస్వము. సాధనశిబిరమునకు ఒక్కొక్క జట్టు 60 మందికి పైగా పిలుచును. అసలు పోటీలు మొదలగునాటికి జట్టులో చోటు 26 మందికే. 2020నుండి ఆ సంఖ్య అమలులో నున్నది. తక్కినవారు చిన్న లీగుల జట్లకు పోవలయును. కొందరు ఆటయే విడిచి ఇంటికి పోవలయును. ఉదయమున జట్టు నాయకుని గదికి పిలుపు వచ్చినచో ఏమి చెప్పుదురో అందరికిని తెలియును. నిన్న మనము చూచినవాని బట్టల బీరువా నేడు ఖాళీగా నుండును. వాని వెనుక ఎచ్చటనో ఒక తల్లి ఫోను మ్రోగునని కాచుకొని యుండును. ముసలమ్మగారు పేరు లేని ప్రతికుఱ్ఱవాని అంకెకెదురుగా చిన్న చుక్క పెట్టుచుండిరి. వేసవిలో వార్తలు చూచి, వారిలో ఎవరికి చోటు దొరకినదో, ఎవరెచ్చట నాడుచున్నారో ఆ చుక్కల ప్రక్కన వ్రాసికొందురట. ఇట్లు చాల యేండ్లనుండి చేయుచున్నారని మనుమరాలు చెప్పినది.

స్త్రీలు ఈ యాటకు ప్రేక్షకురాండ్రు మాత్రమే కారు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, అమెరికాలో స్త్రీలకై ప్రత్యేకముగా బేసుబాలు లీగొకటి స్థాపింపబడి 1954వరకు నడచినది. వారును వసంతసాధన చేసిరి. 1947లో క్యూబా దేశపు హవానా నగరమున చేసిరి.

లెక్కకు రాని యాటయొక్క బరువెంతటిదో తెలిసికొనవలెనన్న 1946 సంవత్సరపు ఫ్లారిడాకు పోవలయును. అంతకు ముందు ఆఱు దశాబ్దులుగా పెద్ద లీగులలో నల్లజాతివారికి చోటు లేదు. వ్రాతలో లేని కట్టుబాటది. వ్రాసిన శాసనమువలె అమలు జరిగినది. 1945 అక్టోబరులో బ్రూక్లిను జట్టు అధికారి బ్రాంచ్ రికీ, తన చేతిక్రిందిదైన మాంట్రియల్ జట్టునకు జాకీ రాబిన్సను అను నల్లజాతి యువకుని తీసికొనెను. 1946 ఫిబ్రవరి 10వ తేదీన జాకీ, రేచెల్ అను యువతిని వివాహమాడెను. ఆమె కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున నర్సు విద్య చదివిన పట్టభద్ర. పెండ్లియైన మూడు వారములలోపల నవదంపతులు సాధనశిబిరమునకు బయలుదేరిరి.

బయలుదేరునపుడు జాకీ తల్లి మేలీ, కోడిమాంసపు వేపుడును ఉడికించిన గ్రుడ్లును ఒక పెట్టెలో సర్ది చేతికిచ్చెను. చదువుకొన్న క్రొత్తకోడలికి విమానప్రయాణములో అన్నపుమూట మోయుట నామోషీగా తోచినది. కాని న్యూ ఆర్లియన్సులో వారిని విమానమునుండి దింపివేసిరి. అచ్చటి భోజనశాలలో నల్లవారిని కూర్చుండనీయరు. ఆకలివేళ అత్తగారి మూటయే వారిని కాచినది. దక్షిణదేశపు తీరును ఆ యత్తగారు ఎఱిగియుండిరి. ఫ్లారిడాలోని పెన్సకోలాలో మరల దింపిరి. పిదప బస్సెక్కగా, డ్రైవరు వారిని వెనుక వరుసకు పొమ్మనెను. భర్త అవమానమును దిగమ్రింగి కూర్చుండుట చూచి, రేచెల్ చీకటిలో మౌనముగా కన్నీరు కార్చెను.

శిబిరము మొదలైన శాన్ఫర్డు అను ఊర బెదిరింపులు వచ్చుటచే వారు వెంటనే డేటోనా బీచికి మాఱవలసివచ్చెను. ముప్పదియేండ్లకు పూర్వము ఆకసమునుండి పండు రాలిన డేటోనాయే అది. ఆ యూరిలో మేరీ మెక్లియాడ్ బెథూన్ అను నల్లజాతి విదుషి 1904లో డాలరున్నర సొమ్ముతో బాలికల పాఠశాలను స్థాపించి, దానిని కళాశాలగా పెంచియుండిరి. అట్టివారి కృషిచేత ఆ యూరిలో నల్లజాతివారి మాటకు కొంత విలువ యుండెను. ఐనను తెల్లవారి హోటలులో జాకీకి గది లేదు. నల్లజాతి గృహస్థులొకరు ఆ దంపతులకు తమ యింట చోటిచ్చిరి.

మార్చి 17వ తేదీ ఆదివారమునాడు మాంట్రియల్ జట్టునకును బ్రూక్లిను జట్టునకును ఆట జరిగెను. ఆటస్థలములో నల్లజాతివారికి వేఱుగా కేటాయించిన చోటు క్రిక్కిరిసిపోయెను. జాకీ రాబిన్సను బ్యాటు పట్టి వచ్చెను. ఆనాడు అతనికి ఒక్క మంచి దెబ్బయు చిక్కలేదు. అతని జట్టు ఓడినది. ఆ యాట ఏ పట్టికకును ఎక్కలేదు. కాని ఆ దినమున ఒక నల్లజాతివాడు తెల్లజాతివారితో ఒకే మైదానమున నిలిచి ఆడెను. మిన్ను విరిగి మీద పడలేదు. చూడవచ్చినవారు చూచినది దానిని.

తక్కిన యూళ్లు డేటోనావలె నుండలేదు. జాక్సన్విల్ నగరమున ఆటస్థలపు తలుపులకు తాళములు వేసిరి. డీలాండు అను ఊర దీపములు చెడినవని చెప్పి ఆట నాపిరి. ఆ యాట జరుగవలసినది పగటివేళ! ఏప్రిల్ మాసమున శాన్ఫర్డులో ఆట నడుచుచుండగా పోలీసు అధికారి మైదానములోనికి వచ్చి జాకీని బయటకు పంపుమనెను. అంతవరకును దెబ్బ చిక్కక, చేయి నొప్పితో బాధపడుచున్న భర్త సాధనను చూచుటకు రేచెల్ మైదానమునకు వచ్చుచుండెను. నల్లవారికి వేఱుచేసిన బల్లలమీద కూర్చుండి, అతడు కుదురుకొనుట కొంచెము కొంచెముగా చూచెను.

ఏప్రిల్ 18వ తేదీన జెర్సీ సిటీలో లెక్కకు వచ్చు మొదటి యాట. ఆనాడు జాకీ నాలుగు మంచి దెబ్బలు కొట్టెను. అందొకటి కంచె దాటినది. అతని జట్టు 14–1 తేడాతో గెలిచినది. మరుసటి యేడు, 1947 ఏప్రిల్ 15వ తేదీన, అతడు బ్రూక్లిను జట్టులో చేరి పెద్ద లీగున నడుగు పెట్టెను. అతడు ధరించిన 42వ అంకెను 1997లో ఆ లీగులోని జట్లన్నియు గౌరవార్థము తీసివేసినవి. డేటోనాలోని ఆటస్థలమునకు అతని పేరే పెట్టిరి. 1972లో జాకీ మరణించెను. రేచెల్ యేల్ విశ్వవిద్యాలయమున నర్సు విద్య బోధించిన విదుషి. 1973లో భర్త పేరిట సంస్థను స్థాపించి, బీదవిద్యార్థులకు చదువు చెప్పించు నేర్పాటు చేసిరి.

లోకము 14–1 ను జ్ఞాపకముంచుకొన్నది. కాని మార్చి మాసపు ఓటమి లేక ఏప్రిల్ మాసపు గెలుపు లేదు. ఆ యోటమిని చూచుటకు నమ్మకముతో వచ్చి కూర్చున్నవారిని తలచుకొన్నపుడు మాకు మా నవ్వు తప్పనిపించినది. మన పిల్లలలో ఎవరు మొదటిసారియే నేర్చిరి? పిల్ల మొదటి ముగ్గు వంకర పోయినపుడు, పిల్లవాడు మొదటి పద్యమున తడబడినపుడు ప్రక్కన నున్నది ఎవరు? అది యే లెక్కకును రాదు గాని, చూచినవారు ఉండుటచేతనే వారు రెండవసారి ప్రయత్నించిరి.

2020 మార్చి 12వ తేదీన, కోవిడు వ్యాధి కారణముగా, ఈ యాటలు నడుమనే నిలిచిపోయినవి. జూలైలో అసలు పోటీలు ప్రారంభమైనను, ప్రేక్షకులను రానీయలేదు. ఆటగాండ్రు ఖాళీ కుర్చీల నడుమ ఆడిరి. చూచువారు లేని యాట ఎట్లుండునో ఆ యేడు లోకమునకు తెలిసినది.

తుదకు, అచ్చటికి పోవు మా సోదరీమణులకు కొన్ని మాటలు. మార్చి మాసమైనను అరిజోనా యెండ మన చైత్రపు టెండకు తీసిపోదు. తలకు అంచు గల టోపీయో, కొంగో తప్పదు. గొడుగు విప్పినచో వెనుకవారికి అడ్డము. పచ్చికమీద కూర్చుండునెడల దుప్పటి కావలయును. సాయంకాలపు ఆటయైనచో ఎడారిచలికి శాలువ కావలయును. సంచులు ఎట్టివి తేవచ్చునో, నీరు, తినుబండారములు లోనికి రానిత్తురో ముందే కనుగొనుడు. శాకాహారులకు వేరుసెనగకాయలు, మొక్కజొన్న పేలాలు దొరకును. బంతి ప్రేక్షకులమీదికి వేగముగా వచ్చుట గలదు. చంటిబిడ్డ నెత్తుకొన్నవారు మైదానమునకు దగ్గరి వరుసలలో కూర్చుండక వల కట్టిన చోటనో, దూరముననో కూర్చుండుట మేలు.

మఱియొక మాట. ఐదవ వంతు కాగానే అల్లుడుగారు, "అత్తయ్యా, ఇక పోదమా? పెద్దవారందరును వెళ్లిపోయిరి" అని లేచినచో, "ఇంకొక గడియ కూర్చుందము, నాయనా" అనుడు. అప్పుడు వీపుమీద పేరు లేని కుఱ్ఱవాడొకడు బ్యాటు పట్టి వచ్చును. అతడు కొట్టునో, తప్పునో మేము చెప్పలేము. అతని యంకె మాత్రము ఒక కాగితముమీద వ్రాసికొని, ప్రక్కన చుక్క పెట్టి, వేసవి వచ్చువరకు దాచి యుంచుడు.